రాకెట్ పాఠాలు – 5: లావు రాకెట్, తక్కువ ఎత్తు

పోయిన పాఠం చివర ఒక లెక్క వదిలాను. 4 కిలోల నమూనా రాకెట్, 10 సెంటీమీటర్ల ట్యూబు, ఐ తరగతి మోటారు (మొత్తం ప్రచోదనాన్ని బట్టి మోటార్లను ఇంగ్లీషు అక్షరాలతో పిలుస్తారు). మోటారు మొత్తం ప్రచోదనం, అంటే తోపుని అది పనిచేసే సెకన్లతో గుణిస్తే వచ్చేది, 400 న్యూటన్ సెకన్లు, సగటు తోపు 300 న్యూటన్లు. లెక్క ప్రకారం అది 360 మీటర్ల దాకా పోతుంది. మోటారు మార్చకుండా 300 లోపు ఆపాలి. ఎలా?

బరువు పెంచితే సరి అని ఎవరికైనా ముందు తడుతుంది. నాకూ మొదట్లో అదే తట్టింది. ఇంకో 2 కిలోలు ఎక్కిస్తే ఎత్తు 175 మీటర్లకు పడిపోతుంది, నిజమే. కానీ రెయిల్ దగ్గర, అంటే రాకెట్ జారుతూ పైకి లేచే నిలువు కడ్డీ దగ్గర, ఏమవుతుందో చూడండి.

దీపావళికి తారాజువ్వను సీసాలో పెట్టి వెలిగిస్తాం కదా. సీసా మూతి దాటేసరికి దానికి వేగం చాలకపోతే నేరుగా పైకి పోదు, పక్కింటి డాబా మీదికి పోతుంది. మన రాకెట్‌కి ఆ సీసా రెయిలే. రెయిల్ వదిలాక దాన్ని నిటారుగా నిలబెట్టేది ఫిన్లు, అంటే తోక దగ్గరి రెక్కలు. ఫిన్ల మీద గాలి జోరుగా పారితేనే అవి పని చేస్తాయి. అందుకని రెయిల్ వదిలేటప్పుడు సెకనుకు 15 మీటర్ల వేగమైనా ఉండాలని చూసుకుంటాం.

300 న్యూటన్లను 4 కిలోలతో భాగిస్తే 75. గురుత్వాకర్షణకు 9.8 తీసేస్తే త్వరణం 65. రెయిల్ 2 మీటర్లు. త్వరణాన్ని రెయిల్ పొడవుతో గుణించి, దాన్ని రెట్టింపు చేసి, వర్గమూలం తీయండి: 16. గట్టెక్కాం. అదే 6 కిలోలైతే త్వరణం 40, వేగం 12.6. పక్కనుంచి గాలి సెకనుకు 5 మీటర్లుంటే చాలు, ఈ రాకెట్ గాలివైపు మెడ తిప్పి వాలుగా పోతుంది. వాలుగా పోయే 6 కిలోల రాకెట్‌ని చూడ్డం అంత సరదాగా ఉండదు.

సరైన జవాబు ట్యూబు లావు చేయడం. బరువు 4 కిలోలే ఉంచి వ్యాసం 15 సెంటీమీటర్లు చేయండి. గాలికి అడ్డుపడే వైశాల్యం రెండింతలు దాటుతుంది. రెయిల్ మీద వేగం తక్కువ కాబట్టి అక్కడ ఈ లావు ఏమీ చెరుపు చేయదు. సెకనుకు 80 మీటర్ల వేగం అందుకున్నాక మాత్రం గాలి గట్టిగా పట్టి లాగుతుంది. ఎత్తు 265 మీటర్ల దగ్గర ఆగుతుంది. మనకు కావలసిన చోట వేగం ఉంది, అక్కర్లేని చోట లేదు.

మోటారు ఎంచుకునేటప్పుడూ ఇదే చూపు ఉండాలి. అదే 400 న్యూటన్ సెకన్లను 100 న్యూటన్ల తోపుతో 4 సెకన్లు ఇచ్చే మోటారూ ఉండొచ్చు. దాన్ని ముట్టుకోకండి. అమెరికాలో నమూనా రాకెట్లు ఎగరేసేవాళ్ల సంఘం నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమాల ప్రకారం రాకెట్ బరువు సగటు తోపులో మూడో వంతు మించకూడదు. మన రాకెట్ బరువు 39 న్యూటన్లు, 100లో మూడో వంతు 33. రెయిల్ దాకా పోకముందే లెక్క తప్పింది. తక్కువ ఎత్తుకు గట్టిగా, కొద్దిసేపు తోసే మోటారే కావాలి.

అసలు ఇంత మోటారు కొని తాటిచెట్లకు పదింతలు కూడా పోకపోతే ఎందుకు అంటారేమో. 3 కిలోమీటర్లు పోయే రాకెట్ రెండు సెకన్లు కనిపిస్తుంది, తర్వాత మెడలు నొప్పి పుట్టేలా తెల్ల చుక్క కోసం వెతుక్కోవడమే. 250 మీటర్లకు పోయేదాన్ని మొదటి నుంచి చివరి దాకా చూస్తాం. 2009 ఏప్రిల్ 25న అమెరికాలోని మేరీల్యాండ్‌లో స్టీవ్ ఈవ్స్ అనే ఔత్సాహికుడు ఎగరేసిన, చంద్రుడి దగ్గరికి మనుషుల్ని పంపిన శాటర్న్ 5 రాకెట్ నమూనా 11 మీటర్ల పొడవు, దాదాపు 750 కిలోలు. 9 మోటార్లు కలిపి వెలిగిస్తే అది పోయింది సుమారు 1,350 మీటర్లే. ఎత్తు రికార్డు కోసం చేసిన పని కాదది.

ఇప్పుడు అసలు కష్టం. ఎత్తు తగ్గితే తప్పు దిద్దుకునే టైమూ తగ్గుతుంది. మన లావు రాకెట్‌లో మోటారు ఆరిపోయాక శిఖరానికి చేరడానికి 6 సెకన్లు పడుతుంది. మోటారులో డిలే, అంటే మోటారు ఆరాక పారాచూట్‌ని బయటికి నెట్టేదాకా పట్టే సమయం, 10 సెకన్లుంటే, దానికోసమే అమ్మే డ్రిల్లింగ్ టూల్‌తో 4 సెకన్లు తగ్గించాలి. డిలే ఒకటిన్నర సెకను అటూ ఇటూ కావడం మామూలే. 2 సెకన్లు ఆలస్యమైతే రాకెట్ 20 మీటర్లు పడి, సెకనుకు 20 మీటర్ల వేగంతో ఉంటుంది. పారాచూట్‌ని రాకెట్‌కి కట్టిన తాడు తట్టుకుంటుంది. 4 సెకన్లయితే వేగం 35 దాటుతుంది, తాడు మీద పడే దెబ్బ మూడు రెట్లు.

ఇది నాకు పుస్తకంలో దొరకలేదు. ఒకసారి పొద్దున్నే హడావుడిలో డ్రిల్లు చేయడం మరిచిపోయాను. రాకెట్ పైకి వెళ్లింది, ఆగింది, ముక్కు కిందికి తిప్పింది. ఒకటి, రెండు, మూడు... పక్కనున్నవాళ్లు మాటలు ఆపేశారు. పారాచూట్ తెరుచుకుంది, కానీ కెవ్లార్ అనే గట్టి పీచు తాడు అట్ట ట్యూబుని పైనుంచి జానెడు పొడవున చీల్చేసింది. జిప్పర్ లాగినట్టు ఉంటుంది కాబట్టి దాని పేరే జిప్పర్. ఆ ట్యూబు ముక్క ఇప్పటికీ నా పనిబల్ల మీదే ఉంది. మోటారు చేతిలోకి తీసుకోగానే చూపు దాని మీదికే పోతుంది.

పారాచూట్ సంగతి తేలిక. సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగితే, గాలీ అంతే ఉంటే, ఎంత ఎత్తుకు పోయిందో అంత దూరం కొట్టుకుపోతుంది. 265 మీటర్లు నడవగలం. కాబట్టి 300 లోపు ఎగిరేవాటికి శిఖరం దగ్గరే పెద్ద పారాచూట్ తెరిచేయండి. పెద్ద పారాచూట్‌ని నేల దగ్గరికి వచ్చాక తెరిపించే పరికరాలు ఇక్కడ అనవసరం, పాడవడానికి ఇంకో వస్తువు.

అమెరికాలో ఐ మోటారు కొనాలంటే లెవల్ 1 సర్టిఫికేషన్, అంటే పెద్ద మోటార్లు వాడడానికి మొదటి మెట్టు అర్హత, ఉండాలి. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కూర్చుని చదివేవాళ్లు రాకెట్ లెక్కలు వేసే ఓపెన్‌రాకెట్ ప్రోగ్రాం ఉచితంగా దించుకుని లెక్కలు నా వెంట వేయండి, చాలు. సొంతంగా మందు కూరి మోటారు చేసే పని ఈ పాఠాల్లో ఎప్పటికీ రాదు.

ఈసారి లెక్క: అదే మోటారు, లావు ట్యూబుకి రంగులూ జిగురూ ఎక్కువై రాకెట్ 5 కిలోలు తూగింది. 2 మీటర్ల రెయిల్ సరిపోతుందా? లేకపోతే 3 మీటర్లది తెస్తే ఎంత వేగం వస్తుంది? డిలే కూడా మార్చాలా? కాగితం మీద వేశాకే ఓపెన్‌రాకెట్ తెరవండి.