బావి నీళ్లతో జబ్బులు: ఏ లక్షణానికి ఏం చేయాలి

"మా బావి నీళ్లు కొబ్బరి నీళ్లలా ఉంటాయి, కాచడం దేనికి?" అనే మాట పల్లెల్లో తరచూ వింటాను. క్రిములకూ ఫ్లోరైడ్‌కూ రంగు, రుచి ఉండవు. అందుకే నీళ్లను చూసి కాదు, ఇంట్లో మనుషుల్ని చూసి అనుమానించాలి.

సమస్య: వానలు పడగానే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వాంతులు, విరేచనాలు

కారణం: బావి పక్కనే మరుగుదొడ్డి గుంత ఉండడం, లేదా గట్టు లేక వాన నీరు లోపలికి జారడం. కొండ ఊటలైతే పైన పశువులు తిరుగుతున్నాయేమో చూడండి. ఇలాంటి నీళ్లతోనే వచ్చే కామెర్లు మాత్రం క్రిములు ఒంట్లో చేరిన కొన్ని వారాలకు గానీ బయటపడవు.

పరిష్కారం: ముందు మనిషిని చూడండి. కాచి చల్లార్చిన నీళ్లలో ఓఆర్‌ఎస్ కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. పసిపిల్లలకు కళ్లు గుంటలు పడినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తాగే నీళ్లు కుతకుతా మరిగాక ఇంకో నిమిషం పొయ్యి మీదే ఉంచండి.

తర్వాత బావి సంగతి. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ వేయాలి. 2 మీటర్ల వెడల్పున్న గుండ్రటి బావిలో 3 మీటర్ల నీళ్లుంటే సుమారు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాములు. పొడిని నేరుగా చల్లేయకండి, చాలామంది చేసే పొరపాటు ఇదే. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే బావిలో పోసి, చేదతో బాగా కలియబెట్టాలి. రాత్రి వేస్తే పొద్దున్నే తోడుకోవచ్చు.

సమస్య: సీసాపాలు తాగే పసిబిడ్డ పెదాలు, గోళ్లు నీలంగా మారడం

కారణం: ఎరువుల నుంచో, మురుగు నుంచో, పాలు కలిపే నీళ్లలో చేరిన నైట్రేట్ కావచ్చు.

పరిష్కారం: క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆ నీళ్లు కాచినా నైట్రేట్ పోదు.

సమస్య: పిల్లలకు గారపళ్లు, పెద్దలకు నడుము, కీళ్లు బిగుసుకుపోవడం

కారణం: ఫ్లోరైడ్. పొదిలి, దర్శి ప్రాంతాల్లో 1930ల్లోనే గుర్తించిన జబ్బు ఇది, నల్గొండ జిల్లాలో ఎన్నో కుటుంబాల నడుములు వంచింది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు.

పరిష్కారం: కాచడం, బ్లీచింగ్ ఇక్కడ పనికిరావు. కాచేకొద్దీ నీళ్లు ఇగిరి ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కనవుతుంది. తాగడానికీ వంటకూ ఆర్‌ఓ నీళ్లో, శుభ్రంగా పట్టిన వాన నీళ్లో వాడండి. పటిక, సున్నంతో శుద్ధి చేసే నల్గొండ పద్ధతీ ఉంది, కానీ మోతాదు తెలిసినవాళ్లే చేయాలి. బిగిసిన కీళ్లు మళ్లీ మునుపటిలా కావడం కష్టం, కాబట్టి పిల్లల పళ్ల మీద మచ్చ కనపడగానే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో నీళ్లు పరీక్ష చేయించండి. కొత్తగా బోరు వేయించినా సరే, రిపోర్టు చూశాకే ఆ నీళ్లు పిల్లలకు ఇవ్వండి.