నల్లరేగడి మడిని గరప నేలలా గుల్లగా చేసుకున్న తీరు

నీళ్లు పెట్టిన మర్నాడే వంగ మొక్కలు వాడిపోతుంటే తెగులు మందు కొట్టేముందు మట్టిని చూడాలి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, పైన నీళ్లు, చెంచాడు డిటర్జెంట్ పొడి వేసి బాగా కుదిపి కదపకుండా పెట్టాను. ఇసుక నిమిషంలో, ఒండ్రు కొన్ని గంటల్లో దిగుతాయి. బంకమన్ను పేరుకోవడానికి రోజు పైనే పడుతుంది. గరప నేలలో ఇవి సుమారు 40, 40, 20 శాతం. నా మడిలో సగానికి మించి బంకమన్నే. సీసా లేకపోతే తడిమట్టిని బొటనవేలితో చూపుడువేలి మీద పట్టీలా నొక్కి సాగదీయండి: గరప 2.5 సెం.మీ. లోపే తెగుతుంది, రేగడి 5 సెం.మీ. దాటినా సాగుతుంది.

చాలామంది రెండు గంపల ఇసుక పోసి ఊరుకుంటారు. కొంప ముంచేది అదే: ఇసుక గింజల సందుల్ని బంకమన్ను పూడ్చేసి, ఎండాక ఇటుకలా బిగుస్తుంది. ఫలితం కనిపించాలంటే ఇసుక సగానికి మించాలి, అంత ఖర్చు ఎవరికి కావాలి! బాగా చివికిన పశువుల ఎరువు 3 అంగుళాల మందాన పరిచి, జానెడు లోతు కలిపి, మడిని 8 అంగుళాలు ఎత్తు చేశాను. తడి మీద తవ్వితే గడ్డలు కడుతుంది. చేత్తో చేసిన మట్టి ఉండ నొక్కగానే పొడిగా విడిపోయే అదునులోనే తవ్వాలి. జిప్సం చౌడుకు పనికొస్తుంది, మామూలు రేగడికి దండగ. సేంద్రియం ఏటా తరిగిపోతుంది కాబట్టి తొలకరికి ముందు మరో అంగుళం ఎరువు వేయాలి.