పెద్ద ప్రైమ్‌లు, 4వ పాఠం: 2147483647 దాకా చేత్తోనే

పోయిన పాఠం చివర్లో ఇచ్చిన లెక్కకి మీ జవాబులు చూశాక ఈసారి కొత్త టాపిక్ మొదలుపెట్టబుద్ధి కాలేదు. 2 పవర్ 23 మైనస్ 1, అంటే 8388607, ప్రైమా కాదా అని అడిగితే దాదాపు అందరూ "23 ప్రైమ్ కదా సార్, ఇదీ ప్రైమే" అని రాసి పడేశారు. కాదు. అది 47 × 178481.

నేను చెప్పిందేంటి? ఈ నంబర్ ప్రైమ్ అవ్వాలంటే పైనున్న పవర్ ప్రైమ్ అయి తీరాలి అని. మీరు దాన్ని తిరగేసి చదివారు. నిప్పు లేనిదే పొగ రాదు, ఒప్పుకుంటా, అలాగని నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా, గ్యాస్ స్టవ్ వెలిగించి చూడండి. పవర్ 15 అనుకుందాం, 2 పవర్ 15 మైనస్ 1ని బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే రాస్తే పదిహేను ఒకట్లు వరసగా ఉంటాయి, 111 111 111 111 111 అని మూడేసి విడగొడితే ప్రతి ముక్కా 7, కాబట్టి మొత్తం 7తో పోతుంది, ఐదేసి విడగొడితే 31తో పోతుంది. 23 ఒకట్లని ఇలా సమానంగా కొయ్యలేం, అంతే. ఈ కత్తికి తెగలేదంటే ఏ కత్తికీ తెగదని కాదు కదా! 2, 3, 5, 7 పవర్లకి 3, 7, 31, 127 వరసగా ప్రైమ్‌లు వచ్చేసరికి బోల్తా పడతాం, 11 దగ్గరే 2047 = 23 × 89 అయిపోతుంది. 29కి అయితే మూడు ముక్కలు: 233 × 1103 × 2089.

మరి 47 ఎలా దొరికింది? పవర్‌ని రెట్టింపు చేసి ఆ ఎక్కం చదువుతూ ఒకటి కలుపుకుంటూ పోండి: 47, 93, 139... ప్రైమ్ భాజకాలన్నీ ఈ లైన్లోనే ఉంటాయి, పైగా 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి (పవర్ 2ని ఇందులోంచి తీసేయండి). ఎందుకన్నది 2వ పాఠంలో అయిపోయింది.

8388607ని తిన్నగా భాగించకండి, నేనైతే ఎప్పుడూ చెయ్యను. 2 పవర్ 10 అంటే 1024, 47తో శేషం 37, అంటే మైనస్ 10 అనుకోవచ్చు. స్క్వేర్ చేస్తే 100, శేషం 6, ఇది పవర్ 20. ఇంకో మూడు రెట్టింపులు: 12, 24, 48. శేషం 1, మైనస్ 1 చేస్తే సున్నా. చిత్తుకాగితం మీద రెండు లైన్లు.

17కి 131071, వర్గమూలం 362 దాకా చూస్తే చాలు. వడపోస్తే 103, 137, 239 మిగుల్తాయి, 273 కూడా వస్తుంది గానీ అది ప్రైమే కాదు. శేషాలు 55, 99, 99, ఒక్కటీ సున్నా కాదు, కాబట్టి 131071 ప్రైమే. చివరి రెండూ ఒకటే వచ్చేసరికి తప్పు చేశాననుకుని మళ్ళీ మొదట్నుంచి చేశా, తీరా చూస్తే 4 × 137 × 239 = 130972, దానికి 99 కలిపితే మన నంబర్!

1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 2 పవర్ 31 మైనస్ 1, అంటే 2147483647, ప్రైమేనని తేల్చింది కూడా ఈ వడపోతతోనే, అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది. వర్గమూలం 46340, కానీ 248 ఎక్కానికి 1 లేదా 63 కలిపినవే చూడాలి, అవి 372. కోడ్ రాసేవాళ్ళకి ఈ నంబర్ పరిచయమే, సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ కంప్యూటర్ గడియారాలు 2038 జనవరి 19 పొద్దున మన టైం 8:44:07కి తమ హద్దుకి చేరేది దీని దగ్గరే.

అభ్యాసం: 19కి చెయ్యండి, మూడే ప్రైమ్‌లు తగుల్తాయి. తర్వాత ఆ 372లో ప్రైమ్‌లు ఏరి, ఒక్కోదానికీ 31వ పవర్ శేషం కట్టండి. కాలిక్యులేటర్ వద్దు, ఆదివారం పెట్టుకోండి.