బాస్కెట్‌బాల్‌లో ఆఖరి క్షణపు షాట్: రీప్లే చూసే విద్య, 5వ పాఠం

పోయినసారి ఇచ్చిన క్లిప్‌కి మీలో సగం మందికి పైగా "షాట్ చెల్లదు" అని రాశారు. చెల్లుతుంది. టైము అయిపోకముందే బంతి చేతిని వదిలితే చాలు. అందరూ చెప్పిన కారణం ఒక్కటే: "స్క్రీన్ కింద 0.0 పడేసరికి బంతి ఇంకా చేతిలోనే ఉంది మాస్టారూ." అందుకే ఈసారి చెబుదామనుకున్న షాట్ క్లాక్ (ఒక్కో దాడికి ఇచ్చే టైము) సంగతి వాయిదా వేశాను.

ఆ అంకెలు టీవీవాళ్లు బొమ్మ మీద అతికించేవి. హాల్లోని గడియారం సమాచారం ఒక దారిన, కెమెరా బొమ్మ ఇంకో దారిన వస్తాయి. రెండూ కలిసేచోట అంకె ముందైనా పడొచ్చు, వెనకైనా పడొచ్చు. వీడియోలో సెకనుకి 60 ఫ్రేములుంటే పదోవంతు సెకనంటే ఆరు ఫ్రేములు. మన తగాదా అంతా ఒకటి రెండు ఫ్రేముల మీదే. బస్తాలు తూచే కాటా మీద బంగారం తూస్తారా? స్క్రీన్ మీద ఆ అంకెలు పడేచోట కాగితం ముక్క అతికించుకుని చూడండి. నేను మొదట్లో అదే చేశాను.

టైము అయిపోగానే మోగే హారన్ కూడా అంతే. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి, దాదాపు 28 మీటర్లు, శబ్దం చేరడానికే 0.08 సెకను పడుతుంది. దాదాపు ఐదు ఫ్రేములు పోయినట్టే.

నమ్మాల్సింది హాల్లోని అసలు గడియారంలో సున్నాలని, రింగు వెనక ఉండే బోర్డు చుట్టూ టైము అయిపోగానే వెలిగే ఎర్ర లైట్లని. నేను లైట్ల పక్షం. కళ్లు చికిలించి అంకె చదవక్కర్లేదు. బంతి వెంట పరిగెత్తకండి. లైటు వెలిగిన మొదటి ఫ్రేము పట్టుకోండి, ఒక్క ఫ్రేము వెనక్కి రండి, చెయ్యి మాత్రం చూడండి. వేళ్లకీ బంతికీ మధ్య వెలుతురు కనిపిస్తే చెల్లినట్టే. వెనక నుంచి తీసిన కెమెరాలో ఆ సందు కనపడదు, పక్క కెమెరా అడగండి. రనౌట్‌లో బెయిల్ లేచిన ఫ్రేము ఆపి బ్యాట్ చూస్తారే, అదే పని.

2016 ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల పోటీ) ఫైనల్లో విల్లనోవా తరఫున క్రిస్ జెంకిన్స్ వేసిన షాట్ చూడండి. లైట్లు వెలిగేటప్పటికి బంతి గాల్లో ఉంది. 77-74, నార్త్ కరోలినా ఇంటికి.

2005లో కెంటకీ ఆటగాడు ప్యాట్రిక్ స్పార్క్స్ మిషిగన్ స్టేట్ మీద వేసింది వేరే రకం. అక్కడ పేచీ టైముది కాదు, బూటు కొస మూడు పాయింట్ల గీత తొక్కిందా (తొక్కితే రెండే పాయింట్లు) లేదా అన్నది. రిఫరీలు నిమిషాల తరబడి మానిటర్‌కి అతుక్కుపోయారు. కోర్టులో ముందే మూడు అని చెప్పారు, దాన్ని కొట్టేసేంత రుజువు బొమ్మలో దొరకలేదు, మూడే నిలిచింది. స్కోరు 75-75. రెండు ఓవర్‌టైముల తర్వాత ఆట మిషిగన్ స్టేట్‌దే అయింది, అది వేరే సంగతి. క్రికెట్‌లో 2023లో తీసేసిన సాఫ్ట్ సిగ్నల్ (థర్డ్ అంపైర్‌ని అడిగే ముందు మైదానంలోని అంపైర్ చెప్పే తీర్పు) లాంటిది ఇక్కడ బతికే ఉంది: రిఫరీ ముందు చెప్పాలి, ఆ తర్వాతే మానిటర్ దగ్గరికి వెళ్లాలి.

అభ్యాసం: ఫోన్‌లో 60 ఫ్రేములు పెట్టి పక్కనుంచి తీయండి. ఒకరు షాట్లు వేయాలి, బోర్డు వెనక నుంచి ఇంకొకరు ఇష్టమొచ్చినప్పుడు టార్చి వెయ్యాలి. నలభై షాట్లు. ప్రతిదానికీ మీ తీర్పు అక్కడికక్కడే కాగితం మీద పడాలి. వీడియో చూశాక దిద్దినవి నాకు పంపొద్దు.