కుండీ మిరప ముడుచుకుంటోందా? మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

మేడ మీద మిరపకి ఏ తేడా వచ్చినా వేపనూనె కొట్టేస్తుంటారు. పురుగు ఉంటే అది పనిచేస్తుంది. ఉప్పునీళ్లకీ, కుళ్లిన వేరుకీ వేపనూనె ఏం చేస్తుంది? ముందు జబ్బు తెలియాలి.

ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే

ఇది పై ముడత, తామర పురుగు పని. కొమ్మ చివరని తెల్లకాగితం మీద రెండుసార్లు తట్టండి. దారప్పోగుల్లాంటి సన్నని పురుగులు పసుపుగానో నల్లగానో కదిలితే అవే. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె చాలు. నూనెని ముందు అర చెంచా సబ్బునీళ్లలో బాగా గిలక్కొట్టి, ఆ తర్వాతే మిగతా నీళ్లు కలపాలి. లేకపోతే నూనె పైన తేలి, పడ్డచోట ఆకుని మాడ్చేస్తుంది. సాయంత్రంపూట, ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. ఒక్కసారితో వదిలేయకండి: గుడ్లు ఆకు లోపల ఉంటాయి, కొన్ని పురుగులు మట్టిలో దాగి ఉంటాయి, మందు వాటికి తగలదు. వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టాలి. కుండీల మధ్య నీలం రంగు జిగురు అట్టలు కట్టండి. 2021-22లో తెలుగు రాష్ట్రాల మిరప తోటల్ని దెబ్బతీసిన నల్ల తామర పురుగైతే పూలలో దాక్కుంటుంది. ఆ పూలని కోసి సబ్బునీళ్లలో వేసేయాలి, జాలిపడకూడదు.

ఆకు కిందకి ముడుచుకుని, తొడిమ సాగిపోతే

పడవ బోర్లించినట్టుంటే కింది ముడత. ఇది ఆకు రసం పీల్చే నల్లి పని, మంచంలో ఉండే నల్లి కాదు. ఇది పురుగుల జాతి కాదు, సాలీడు జాతి. అందుకే మామూలు పురుగుమందులు దాన్ని చంపవు, దాన్ని తినే మిత్రపురుగుల్ని చంపి ఇంకా పెంచుతాయి. నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి సాయంత్రం కొట్టండి. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొడితే ఆకు మాడుతుంది. మండే ఎండల్లోనూ వద్దు.

పైకీ కిందకీ కాకుండా ఆకులు చిన్నవై, ముడతలు పడి, ఈనెలు పసుపెక్కి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన బొబ్బర తెగులు. దానికి మందు లేదు. పీకేసి పారేయండి, పక్క కుండీలైనా దక్కుతాయి.

ఆకు కొసలు మాడి, కుండీ అంచున తెల్లటి పొర కడితే

ఉప్పు. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక బోరు నీళ్లే దిక్కవుతాయి. తీరం దగ్గరి ఊళ్లలో ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయి. పోసిన నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మట్టిలో మిగులుతుంది. 12 అంగుళాల కుండీకి 10 లీటర్ల మంచినీళ్లు మెల్లగా, అడుగు నుంచి ధారగా కారేలా పోయండి. మర్నాడు మళ్లీ పోయండి. కుదిరితే వాననీరు పట్టుకుని దాచుకోండి.

కొబ్బరి పొట్టులోనూ ఉప్పుంటుంది, ఇది చాలామంది గమనించరు. కోనసీమలో చవగ్గా దొరుకుతుంది కదా అని తెచ్చినది తెచ్చినట్టే కలిపేస్తారు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, టీ రంగు పోయేదాకా మూడునాలుగుసార్లు కడగాలి.

మొక్క వాలిపోతే

మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తే అది ఎండ, కంగారు పడక్కర్లేదు. పొద్దున్న కూడా వాలే ఉంటే మట్టిలోకి వేలు పెట్టి చూడండి. చిత్తడిగా ఉండి, అడుగు ఆకులు పసుపెక్కితే వేరు కుళ్లుతోంది. వరిచేలో మట్టి తెచ్చి నింపిన కుండీల్లో ఇది తప్పదు: ఆ బంకమట్టి తడిస్తే ముద్ద, ఎండితే రాయి. లంక మట్టి (ఏటి లంకల్లో దొరికే ఒండ్రు), కడిగిన కొబ్బరి పొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు సమంగా తీసుకుని, రెండు దోసిళ్ల ఊక కలపండి. అడుగున చిటికెనవేలు పట్టేన్ని నాలుగైదు చిల్లులు ఉండాలి.

ఆకు పచ్చగానే ఉండి మొక్క ఉన్నట్టుండి వాలిందా? మొదలు దగ్గర కాండం కోసి, ముక్కని గాజుగ్లాసులో నీళ్లలో నిలబెట్టండి. కాసేపట్లో పాలలాంటి తీగ కిందకి జారితే బాక్టీరియా ఎండు తెగులు. మొక్క బతకదు. ఆ మట్టిలో వంగ, టమాటా కూడా వేయకండి, అవీ దానికి చిక్కుతాయి.

పూత రాలిపోతే

రోహిణి ఎండల్లో రాలితే మొక్క తప్పు కాదు. మధ్యాహ్నం పచ్చ నీడవల కట్టండి, వేడి తగ్గాక మళ్లీ పూస్తుంది. చల్లటి రోజుల్లోనూ రాలుతూ ఆకులు ముదురాకుపచ్చగా ఏపుగా ఉంటే యూరియా ఎక్కువైంది, ఆపేయండి. ఇవేవీ కాకపోతే నీళ్లు పోసే వేళ చూసుకోండి: ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచెత్తితే పూత నిలవదు. వేసవిలో రోజూ పొద్దున్నే ఒకే వేళకి పోయండి. మబ్బు పట్టిన రోజు పైమట్టి ఒక అంగుళం ఆరాకే పోయండి.