బండి పని నేర్చుకుందాం – 4వ పాఠం: కొత్త బండికి సైలెన్సర్లు మార్చడం

కిందటి పాఠంలో స్పానర్ల కొలతలు తెలుసుకున్నాం. ఇప్పుడు రెండు సిలిండర్ల బండికి చెరో పక్కన ఉండే కంపెనీ సైలెన్సర్లను విప్పి, వేరే జతను బిగిద్దాం.

ముందుగా కొనుగోలు సంగతి. ఒడిశాలోని పర్లాకిమిడిలో బండి ఉన్నవారు తరచుగా ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వెళ్లి వస్తుంటారు. రాష్ట్రం మారినా మోటారు వాహనాల చట్టం రెండు చోట్లా ఒక్కటే. శబ్దం, పొగ పరిమితులు మీరితే 190వ సెక్షను కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. 175 సీసీ దాటిన బండికి తయారీ దశలో విధించిన శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. దానికి లోబడినట్లు తయారీదారు రాసి ఇచ్చిన సైలెన్సర్లనే ఎంచుకోవాలి. లోపలి గొట్టం కోసి మోత పెంచే పనిని నేను నేర్పను. పసిపిల్లలూ రోగులూ నిద్రపోయే వీధుల్లోనే మనమూ తిరుగుతున్నాం.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 పొగ ప్రమాణాల బండిలో పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ ఎక్కడుందో కూడా చూసుకోవాలి. అది ఇంజను నుంచి సైలెన్సర్ దాకా వచ్చే బెండు పైపులో ఉంటే సైలెన్సర్ మార్చినా దాని పని ఆగదు. సైలెన్సర్ లోపలే ఉంటే మాత్రం ఆ బండి జోలికి వెళ్లవద్దు.

ఇంజను పూర్తిగా చల్లారాక, సైలెన్సర్‌ను బెండు పైపుకు పట్టి ఉంచే క్లాంపు బోల్టుకు తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు ఆగండి. మొదట క్లాంపును వదులు చేసి, ఆ తర్వాతే సైలెన్సర్‌ను బండికి పట్టి ఉంచే వెనుక బ్రాకెట్ బోల్టు తీసి, సైలెన్సర్‌ను ఒక చేత్తో మోస్తూ కుడి ఎడమలకు కొద్దికొద్దిగా తిప్పుతూ వెనక్కి లాగాలి. సుత్తి వాడవద్దు.

బిగించేటప్పుడు జాయింటులో పొగ కారకుండా ఆపే కొత్త గ్యాస్కెట్టు వేసి, బోల్టులన్నింటినీ ముందు వేళ్లతోనే తిప్పి, సైలెన్సర్ తిన్నగా కూర్చున్నాక క్లాంపును, చివరగా బ్రాకెట్‌ను బిగించాలి. మొదటిసారి నేను బ్రాకెట్‌నే ముందు గట్టిగా బిగించాను. సైలెన్సర్ మూతి వంకరగా కూర్చుంది. రెండు రోజులకు, ఆక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపమని పేలుళ్లు. వంగి చూస్తే క్లాంపు కింద గోరంత వెడల్పున నల్లని మసి కనిపించింది. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి చేరి, మిగిలిపోయిన పెట్రోలు ఆవిరి వేడి పైపులో అంటుకుంటున్నదన్నమాట. అంతా విప్పి మళ్లీ బిగించాకే శబ్దం ఆగింది.

స్టార్టు చేసే ముందు క్రోము మీది వేలిముద్రలను శుభ్రంగా తుడవండి. ఒకసారి వేడెక్కితే ఆ మరకలు అలాగే ఉండిపోతాయి. తర్వాత జాయింటును తాకకుండా, దాని దగ్గర చెయ్యి పెట్టి పొగ తగులుతుందేమో చూడాలి. వంద కిలోమీటర్లు తిరిగాక, చల్లారిన బండి మీద క్లాంపు బిగువును మరొకసారి సరిచూడండి. పాత జతను గుడ్డలో చుట్టి దాచండి. బండి అమ్మేటప్పుడు అడుగుతారు.

వచ్చే పాఠంలో చైను బిగువు చూడడం నేర్చుకుందాం.