ఆస్ట్రేలియాలో పేరెంటింగ్ ఆర్డర్: ఇంట్లో హింస ఉన్నప్పుడు దరఖాస్తు ఎలా వేయాలి

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో మనవాళ్లలో ఒక జంట విడిపోతే చుట్టుపక్కల వాళ్లు ముందు చెప్పే మాట, "పిల్లల్ని చెరి సగం రోజులు ఉంచుతారు, ఇక్కడి చట్టం అంతే" అని. పిల్లలు ఎవరి దగ్గర ఎంతకాలం ఉండాలో, వాళ్ల గురించి నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో కోర్టు చెప్పే ఉత్తర్వే పేరెంటింగ్ ఆర్డర్. దాని చట్టం ఎన్నడూ సరిగ్గా అలా లేదు. ఆ నమ్మకానికి ఊతమిచ్చిన నిబంధనలు కూడా 2024 మే 6న పోయాయి. తల్లిదండ్రులిద్దరికీ సమాన బాధ్యత ఉండాలని కోర్టు ముందే అనుకుని మొదలుపెట్టే పద్ధతిని 1975 నాటి ఫ్యామిలీ లా యాక్ట్ నుంచి తీసేశారు. సమాన సమయం ఇవ్వగలమా అని జడ్జి తప్పనిసరిగా ఆలోచించాలన్న నియమం కూడా లేదు.

ఇప్పుడు కోర్టు చూసేవి ఇవి: బిడ్డకూ, బిడ్డను చూసుకునే మనిషికీ భద్రత, బిడ్డ అభిప్రాయం, ఎదుగుదలకూ మనసుకూ సంస్కృతికీ సంబంధించిన అవసరాలు, వాటిని తీర్చగల శక్తి ఎవరికి ఉంది, క్షేమమైన చోట అమ్మానాన్నలిద్దరితో అనుబంధం. ఆ బిడ్డ విషయంలో ముఖ్యమైనది ఇంకేదైనా ఉంటే అదీ చూస్తారు. ఇంట్లో జరిగిన హింస, ఉన్న ప్రొటెక్షన్ ఆర్డర్లు (హింస నుంచి కాపాడటానికి కోర్టు ఇచ్చే ఉత్తర్వులు) భద్రత కిందికే వస్తాయి. తండ్రి దరఖాస్తు వేసినా ఇదే కొలత.

మనవాళ్లకు మరీ దగ్గరి మార్పు 2025 జూన్ 10న వచ్చింది. కట్నం కోసం బెదిరించడం, ఒత్తిడి పెట్టడం, ఇచ్చిన కట్నాన్ని దాచడం లేదా అసలు తీసుకోలేదని బుకాయించడం ఆర్థిక వేధింపుకు ఉదాహరణలుగా చట్టంలోకి ఎక్కాయి. "అది మా ఆచారం" అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

ముందుగా సర్టిఫికెట్

మామూలుగా కోర్టు గడప తొక్కే ముందు ఫ్యామిలీ డిస్ప్యూట్ రిజల్యూషన్ అనే మధ్యవర్తిత్వానికి ప్రయత్నించి, ఆ సంగతి తెలిపే 60ఐ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అక్కడ ఒప్పందం కుదిరితే, దాన్నే ఉత్తర్వుగా ఇమ్మని అడిగే కన్సెంట్ ఆర్డర్ల దరఖాస్తు చాలు, కేసు అక్కర్లేదు. హింస గానీ, పిల్లల మీద వేధింపు గానీ, ఆ ప్రమాదం గానీ ఉంటే సర్టిఫికెట్ లేకుండానే వేయొచ్చు. సర్టిఫికెట్ ఎందుకు తేలేదో చెప్పే అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే వాంగ్మూలం) జతచేయాలి. కొట్టిన మనిషితో ఒకే టేబుల్ దగ్గర కూర్చోక తప్పదేమోనన్న టెన్షన్‌తోనే చాలామంది ఆగిపోతారు. ఆ అవసరం లేదు.

కాగితాలు

దరఖాస్తు కామన్వెల్త్ కోర్ట్స్ పోర్టల్‌లో వేయాలి. వెస్టర్న్ ఆస్ట్రేలియాకు వేరే ఫ్యామిలీ కోర్టు ఉంది కాబట్టి పెర్త్ వాళ్లు అక్కడి ఫారాలు చూసుకోవాలి. మిగతా చోట్ల కావలసినవి: ఇనీషియేటింగ్ అప్లికేషన్ (కేసు మొదలుపెట్టే దరఖాస్తు), జెన్యూయిన్ స్టెప్స్ సర్టిఫికెట్ (రాజీకి చేసిన ప్రయత్నాలో, చేయలేకపోయిన కారణమో తెలిపేది), పేరెంటింగ్ క్వశ్చనేర్, పిల్లలకూ ఇంట్లోవాళ్లకూ ఉన్న ప్రమాదం తెలిపే నోటీసు. తుది తీర్పు దాకా ఆగలేక మధ్యంతర ఉత్తర్వు కూడా అడిగితే దానికో అఫిడవిట్. ఫీజు ఏటా జూలైలో మారుతుంది. హెల్త్ కేర్ కార్డు లేదా లీగల్ ఎయిడ్ ఉంటే మినహాయింపు అడగండి. మీ వీసా టెంపరరీ అయినంత మాత్రాన ఈ దరఖాస్తుకు అడ్డం కాదు.

అన్నిటిలోకీ ఎక్కువ టైమ్ పెట్టాల్సింది అఫిడవిట్ మీద. "ఎప్పుడూ హింసించేవాడు" అని రాస్తే జడ్జి చేతికి ఏమీ అందదు. "మార్చిలో ఒక శనివారం రాత్రి, బాబు హోంవర్క్ చేస్తుండగా, నా ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాడు, బాబు టేబుల్ కిందికి దూరాడు" అని రాస్తే అందుతుంది. బిడ్డ చూసినా, విన్నా, బిడ్డ కూడా హింసకు గురైనట్టే లెక్క. "మీ నాన్నను ఇంకో పది లక్షలు పంపమను, లేకపోతే వీసా క్యాన్సిల్ చేయిస్తా" లాంటి వాయిస్ మెసేజ్‌లను డిలీట్ చేయకండి. అవి తెలుగులో ఉంటాయి కాబట్టి నాటీ (అనువాదకులకు గుర్తింపునిచ్చే ఆస్ట్రేలియా సంస్థ) గుర్తింపు ఉన్న అనువాదకులతో ఇంగ్లీషు చేయించి జతపరచాలి. పేజీలకు పరిమితి ఉంటుంది, అందుకని పెళ్లిచూపుల నాటి నుంచీ కథ మొదలుపెట్టొద్దు.

ఇంటి అడ్రస్ అవతలి మనిషికి తెలియకూడదనుకుంటే, సర్వీస్ అడ్రస్‌గా, అంటే కేసు కాగితాలు అందుకునే చిరునామాగా, వేరేది ఇవ్వొచ్చు. బ్యాంక్ స్టేట్‌మెంట్, స్కూల్ లెటర్ జతచేసేటప్పుడు వాటి మీద అడ్రస్ కనిపిస్తోందేమో ఒకసారి చూసుకోండి.

వేసిన తర్వాత

లైట్‌హౌస్ అనే పద్ధతి కింద కోర్టు నుంచి ఆన్‌లైన్‌లో కొన్ని ప్రశ్నలు వస్తాయి. మీ జవాబులు గోప్యం, అవతలివాళ్లకు చూపించరు, కేసులో సాక్ష్యంగా వాడరు. కాబట్టి మొహమాటం వద్దు. ప్రమాదం ఎక్కువని తేలితే కేసు ఇవాట్ లిస్ట్ అనే ప్రత్యేక విభాగానికి వెళ్లొచ్చు. కాగితాలను మీరే అవతలి మనిషి చేతికి ఇవ్వకూడదు, 18 ఏళ్లు నిండిన మరొకరు ఇవ్వాలి. విచారణకు తెలుగు దుభాషి కావాలంటే కోర్టుకు ముందే చెప్పండి. హింసకు సంబంధించిన నేరం రుజువైనా, తుది ప్రొటెక్షన్ ఆర్డర్ ఉన్నా, అవతలివాళ్లు మిమ్మల్ని స్వయంగా క్రాస్ ఎగ్జామిన్ చేయడం, అంటే కోర్టులో ఎదురు ప్రశ్నలు వేయడం, చట్టం ఒప్పుకోదు. లాయర్ ద్వారానే చేయాలి.

బిడ్డను చెప్పకుండా హైదరాబాద్ విమానం ఎక్కిస్తారన్న భయం ఉంటే ఆలస్యం వద్దు. పిల్లల అపహరణపై హేగ్ ఒప్పందంలో భారత్ లేదు, ఒకసారి వెళ్లాక వెనక్కి రప్పించడం చాలా కష్టం. బిడ్డను దేశం దాటించకూడదన్న ఉత్తర్వు దరఖాస్తులోనే అడిగి, విమానాశ్రయాల్లో బిడ్డను ఆపడానికి ఫెడరల్ పోలీసులు ఉంచే ఫ్యామిలీ లా వాచ్‌లిస్ట్‌లో పేరు పెట్టించాలి. కేసు నడుస్తుండగా అనుమతి లేకుండా పిల్లల్ని దేశం దాటిస్తే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

ఇంకో మాట. కేసు వివరాలను పేర్లతో ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టడం నేరం. సలహా కోసమైనా సరే.

తక్షణ ప్రమాదమైతే 000కి ఫోన్ చేయండి. హింస గురించి ఏ వేళైనా మాట్లాడటానికి 1800 737 732, మధ్యవర్తిత్వం గురించి ఫ్యామిలీ రిలేషన్‌షిప్స్ అడ్వైస్ లైన్ 1800 050 321. ఇంగ్లీషులో ఇబ్బందైతే ముందు 131 450కి చేసి "తెలుగు" అనండి, దుభాషిని కలుపుతారు. కోర్టులో ఉచితంగా లాయరు, సామాజిక సహాయం రెండూ దొరికే కౌంటర్ పేరు ఫ్యామిలీ అడ్వొకసీ అండ్ సపోర్ట్ సర్వీస్. విచారణ రోజున కాస్త ముందుగా వెళ్లి వాళ్లను కలవండి.